కొట్టుగదిలో పుస్తకాల గోడ కట్టుకున్నాను: నా అనుభవం

విజయనగరంలోని మా పాత పెంకుటింట్లో పడమటి వైపున్న కొట్టుగదిని పని గదిగా మార్చుకుని, ఒక గోడ నిండా పుస్తకాల అరలు కట్టుకున్నాను. 2025 ఆగస్టు 3న సామాన్లు బయటకు తీయడంతో మొదలైన పని డిసెంబరు మొదటి వారానికి ముగిసింది. అందులో చెక్క పనికి పట్టింది నాలుగు వారాల లోపే. మిగతా కాలమంతా గోడ ఆరాలని, సరుకు రావాలని, వాన తగ్గాలని ఎదురుచూడడంలో గడిచింది. అరలు ఎలా కట్టుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఎదురుచూపు గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఇంటి నుంచే పాఠ్యపుస్తకాల అనువాదం, ప్రూఫులు దిద్దే పని చేస్తాను. కొన్నేళ్లుగా వసారాలో భోజనాల బల్ల ఒక చివర నా కార్యాలయం. మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి కంప్యూటరూ కాగితాలూ ఎత్తేసి కంచాలకు చోటు ఇవ్వాలి. నాన్న పోయాక ఆయన పుస్తకాలు ట్రంకు పెట్టెల్లో కొట్టుగదిలోనే ఉండిపోయాయి. నిఘంటువు చూడాలంటే మూడు పెట్టెలు దించాలి. ఆ పుస్తకాలు కళ్లెదుట ఉండాలి, వాటి మధ్య కూర్చుని నేను పని చేసుకోవాలి అన్నది చాలాకాలంగా ఉన్న కోరిక.

ముందు ఒక వడ్రంగి చేత లెక్క వేయించాను. ప్లైవుడ్, మైకా, కూలి అన్నీ కలిపి చదరపు అడుగుకు 1,400 రూపాయలన్నారు. తొమ్మిది అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తుకు 88,200. అంత పెట్టలేను. మా వీధిలోనే వడ్రంగం చేసి ఇప్పుడు కంటిచూపు తగ్గి పని మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు. చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలుస్తాను. "నేను చేస్తాను, మీరు పక్కన కూర్చుని చెబుతారా బాబాయ్?" అని అడిగితే, "చెక్క సంగతి తరువాత. ముందు గోడ చూపించమ్మా" అన్నారు.

గోడ చూడడానికి పెట్టెలు జరిపినప్పుడు బయటపడింది చెద. నేల నుంచి గోడ మీదుగా మట్టి గీతలు పైకి పాకి, అడుగునున్న చెక్కపెట్టెలోకి వెళ్లాయి. ఆ పెట్టెలో నాన్న బైండు చేయించి దాచుకున్న వారపత్రికలు ఉండేవి. పైన అట్ట చెక్కుచెదరలేదు. తెరిస్తే లోపల మట్టి. ఆయన ఎర్ర సిరాతో అంచుల్లో రాసుకున్న మాటలు కొన్ని పేజీల చివర్లలో మాత్రం మిగిలాయి. ఆ సాయంత్రం ఇక పని ముందుకు సాగలేదు. అమ్మ ఆ ముక్కలను ఒక పాత తువ్వాలులో చుట్టి లోపల పెట్టింది. పెంకుటిల్లు గానీ, నేలకు ఆనుకున్న గది గానీ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: రేకు పెట్టెలోవైనా సరే, చెక్క పెట్టెలోవైనా సరే, పుస్తకాలను ఈ వారంలోనే ఒకసారి తీసి చూడండి.

ఇక చెమ్మ. మోకాలెత్తు వరకు గోడ రంగు మారి, ఉప్పు పొంగి, వేలితో గీస్తే పొడి రాలుతోంది. మాది ఇటుక, సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడ. పాతికేళ్ల కిందట ఎవరో దాని మీద సిమెంటు పూత పూశారు. ఆగస్టు 11న వచ్చిన తాపీ మేస్త్రి ఆ పూతను సుత్తితో తట్టి చూపించారు. లోపల బోలుగా శబ్దం వచ్చింది. సున్నపు గోడ తనలోని తడిని మెల్లగా బయటకు వదులుతుంది. పైన సిమెంటు కప్పేసరికి ఆ తడికి దారి లేక లోపలే నిలిచిపోయింది. తడి ఎక్కడిదంటే, వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, వాన నీరు మా గోడ అడుగుకే వస్తోంది. చూరు నీరు కూడా అక్కడే పడుతోంది. మేస్త్రి లోపలి సిమెంటును నడుము ఎత్తు వరకు గీకేసి, బయట గోడ వెంట వాలుగా గచ్చు చేసి నీటిని కాలువలోకి మళ్లించారు. రెండు రోజుల పని. ఆ తరువాత, "ఆరనివ్వండి" అని వెళ్లిపోయారు.

ఎన్నాళ్లు ఆరనివ్వాలి? దీనికి బాబాయ్ చెప్పిన పరీక్ష చాలా ఉపయోగపడింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించాలి. ఒక రోజు తరువాత చూస్తే, గోడ వైపు నీటి బొట్లు ఉంటే తడి గోడలోనే ఉన్నట్టు. గది వైపు ఉంటే అది గాలిలోని తేమ. ప్రతి ఆదివారం అతికించి సోమవారం చూసేదాన్ని. ఆగస్టు అంతా బొట్లే. పగలు కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాను గోడ వైపు తిప్పి ఉంచాను. ఆ నెలలో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని. పని జరుగుతోంది, కానీ చూపించడానికి ఏమీ లేదు. ఓపిక పట్టడం నాకు అన్నిటికంటే కష్టమైంది ఇక్కడే. సెప్టెంబరు 15న తీసిన పాలిథీన్ పొడిగా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి అమ్మకు చూపించాను.

మర్నాడు గీకిన భాగానికి సున్నం, ఇసుక కలిపి పూత పూశారు. సిమెంటు, పుట్టీ, ప్లాస్టిక్ రంగు ఏవీ వద్దని మేస్త్రి గట్టిగా చెప్పారు. పూత ఆరాక వెల్లసున్నం మాత్రమే వేశాం. అదే వారంలో చెద మందు కొట్టించాను. నేలా గోడా కలిసే చోట అడుగుకు ఒక రంధ్రం చొప్పున వేసి, మందు నీళ్లు పోసి, మూసేశారు. 2,800 అయింది. వాసన మూడు రోజులు గదిలో నిలిచింది. ఆ మూడు రోజులూ తలుపు వేసే ఉంచాం.

గోడ ఆరుతున్న రోజుల్లో కొలతల పని చేసుకున్నాను. ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. ముందు పుస్తకాలనే కొలిచాను. మన పుస్తకాలలో ఎక్కువ భాగం డెమ్మీ సైజు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. పాత నవలలు క్రౌన్ సైజు, ఏడున్నర. బైండు పత్రికలు, పాఠ్యపుస్తకాలు పది పదకొండు అంగుళాలు. అరలన్నీ ఒకే ఎత్తులో పెడితే సగం చోటు గాలికే పోతుంది. అందుకని అడుగున పద్నాలుగు అంగుళాల అర, ఆపైన పన్నెండు, తరువాతవి పది చొప్పున వేసుకున్నాను. లోతు పదకొండు అంగుళాలు చాలు. ఇంకా లోతు పెంచితే వెనక రెండో వరుస చేరుతుంది, వెనక వరుసలో పెట్టినది మళ్లీ కనపడదు.

తరువాత బరువు. బరువు చూసుకునే యంత్రం మీద అడుగు పొడవు పుస్తకాలు పేర్చి చూశాను. నవలలు ఆరేడు కిలోలు, బైండు పత్రికలు పదకొండు కిలోల దాకా తూగాయి. అంటే రెండున్నర అడుగుల అర మీద పాతిక కిలోలు ఏళ్ల తరబడి కూర్చుంటాయి. మూడు అడుగుల పొడవు అర అయితే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కూడా మెల్లగా మధ్యలో కుంగుతుంది. అందుకే గోడకు రెండు పక్కలా ముప్ఫై అంగుళాల వెడల్పు నిలువు అరలు, మధ్యలో నాలుగు అడుగుల బల్ల, బల్ల పైన రెండు అరలకు నడుమ ఒక నిలువు అడ్డుపలక అని గీసుకున్నాను. ప్రతి అర ముందు అంచుకు అంగుళంన్నర టేకు బద్ద నిలువుగా అతికిస్తే కుంగడం ఇంకా తగ్గుతుందని బాబాయ్ చెప్పారు. చూడడానికి అది అలంకారంలా ఉంటుంది గానీ, బరువు మోసే వెన్నెముక అదే.

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు షీటులో పదకొండు అంగుళాల పట్టీలు నాలుగు వస్తాయి. ఆ లెక్కన 18 మిల్లీమీటర్లవి నాలుగు షీట్లు, వెనక పలకకు 6 మిల్లీమీటర్లవి రెండు షీట్లు సరిపోయాయి. ఇంకో సంగతి, మా కొట్టుగది ద్వారబంధం రెండున్నర అడుగులే. పూర్తి షీటు వసారా మలుపు తిరిగి లోపలికి రాదు. కాబట్టి కోత అంతా దుకాణంలోనే జరగాలి. దుకాణంలో పెద్ద రంపపు యంత్రం మీద కోసిన అంచు చేతి రంపంతో ఎప్పటికీ రాదు, కోతకూలి మొత్తం 1,150 మాత్రమే. ఇంట్లో రంపం కొనుక్కునే అవసరమే పడలేదు.

సెప్టెంబరు 22 నుంచి పన్నులు తగ్గుతాయి, ఆగు అని చాలామంది అన్నారు. సిమెంటు మీద 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. ప్లైవుడ్ బిల్లులో మాత్రం 18 శాతమే ఉంది. సెప్టెంబరు 24న దుకాణానికి వెళ్లి కోత కొలతల కాగితం ఇస్తే, అక్కడి ఆయన కాగితం చూసి, నన్ను చూసి, "మీ వడ్రంగిని పంపండమ్మా" అన్నారు. వడ్రంగిని నేనే అని చెప్పి, ప్రతి ముక్కకూ నిలువు నార ఎటు ఉండాలో బాణం గుర్తు వేసి ఇచ్చాను. రెండోసారి వెళ్లేసరికి కుర్చీ వేసి మాట్లాడారు.

ఆర్డరిచ్చింది నీటికి తట్టుకునే 710 రకం. ఐఎస్ (భారత ప్రమాణం) 710 అని షీటు మీద ముద్ర ఉంటుంది. 26న కోతకు ముందు చూడడానికి వెళితే, నాలుగింటిలో రెండింటి మీద 303 ముద్ర, దాని పక్కనే ఎంఆర్ అని ఉంది. అంటే గాలిలోని తేమను మాత్రమే ఓర్చుకునే రకం. ధర తేడా చదరపు అడుగుకు ముప్ఫై రూపాయలకు పైనే. ఒకసారి కోసి, అంచు కొట్టి, రంగు వేశాక ఏది ఏదో చెప్పలేం. ముద్ర చూశాకే కోయనివ్వండి. మార్చి ఇస్తామన్నారు గానీ, దసరా వచ్చేసింది. దసరా అయ్యాక మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి పండుగ. అక్టోబరు 6న తొలేళ్లు, అంటే ముందురోజు వేడుక, 7న పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానోత్సవం. ఆ రెండు రోజులూ కోట నుంచి మూడు లాంతర్ల కూడలి దాకా జనం కాక మరేమీ ఉండదు, ఏ పనివారూ దొరకరు, దొరకాలని అనుకోవడమూ సరికాదు. మేమూ మేడ మీద నుంచి సిరిమాను చూసి దణ్ణం పెట్టుకున్నాం. అక్టోబరు 9న సరైన షీట్లు వచ్చాయి, మర్నాడు కోత, సాయంత్రానికి ట్రాలీ ఆటోలో ముక్కలు ఇంటికి. ఆటోకు 600.

ఈలోగా కరెంటు పని. పాత ఇళ్లవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. మా ఇంటి వైరింగులో ఎర్తు తీగే లేదు. కంప్యూటర్ పెట్టె మీద చేయి పెడితే జివ్వుమని తగలడం నాకు ముందు నుంచీ అలవాటే, దాన్ని పట్టించుకోలేదు. ఎలక్ట్రీషియన్ కుర్రాడు పరీక్షించి, "అక్కా, ఇలా ఉంచి పని చేయకూడదు" అన్నాడు. పెరట్లో గొయ్యి తీసి, ఇనుప పైపు దించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి ఎర్తు కట్టాడు. బల్ల దగ్గరకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాడు. సున్నపు గోడలో గాడి కొడితే చుట్టూ రాలిపోతుంది కాబట్టి తీగలన్నీ గోడ మీదే కేసింగులో తెచ్చాం. సాకెట్లు బల్ల కింద కాక, బల్లకు ఆరు అంగుళాల పైన పెట్టించాను. ప్రతిసారీ వంగి బల్ల కింద దూరే బాధ తప్పింది. మొత్తం 9,400.

అక్టోబరు 12 ఆదివారం మొదటి అరల చట్రం బిగించాం. నేల మీద రెండు నిలువు పలకలు పడుకోబెట్టి, మూలమట్టంతో గీతలు గీసి, ప్రతి అర కింద సన్నని పట్టీ జిగురు పెట్టి బిగించి, దాని మీద అర కూర్చోబెట్టి, బయటి నుంచి రెండు అంగుళాల స్క్రూలు. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ తిప్పితే పొరలు విడిపోతాయి. ముందు మూడు మిల్లీమీటర్ల బిట్టుతో దారి చేసుకోవాలి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి ఐమూలగా రెండు వైపులా టేపు పట్టి కొలవాలి. రెండు కొలతలూ ఒకటైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు. మొదటి చట్రానికి ఆ రెండు కొలతలూ ఒకటయ్యాయని నేను చదివినప్పుడు బాబాయ్ ఏమీ అనలేదు. టేపు తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని తానే కొలిచారు. తరువాత నా భుజం తట్టారు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఉద్యోగంలో ఎప్పుడూ ఎరగను.

చట్రాలను నేల మీద నేరుగా నిలబెట్టలేదు. రోజూ తడిబట్ట పెట్టే ఇళ్లలో ప్లైవుడ్ అడుగు నేలను తాకితే రెండేళ్లలో ఉబ్బుతుంది. నాలుగు అంగుళాల ఎత్తున కడప రాయి పట్టీలు నిలబెట్టి, వాటి మీద పలక వేసి పీఠం చేయించాను. 1,300 రూపాయల రాయి. పాత గదుల నేల కడుగు నీరు పోవడానికి గుమ్మం వైపు వాలుగా ఉంటుంది. మా గదిలో తొమ్మిది అడుగులకు ముప్పావు అంగుళం వాలు. ఆ తేడా అంతా పీఠం దగ్గరే రసమట్టం పెట్టి సరిచేశాం. గోడకూ వెనక పలకకూ మధ్య అంగుళం ఖాళీ వదిలాం, గోడకు ఊపిరి ఆడాలి కదా.

చట్రాన్ని గోడకు బిగించడం దగ్గర ఒక ఆశ్చర్యం ఎదురైంది. స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దిగ్గొట్టే ప్లాస్టిక్ గూటం సున్నపు గోడలో నిలవదు. స్క్రూ తిప్పితే గూటం కూడా దానితో పాటే తిరిగింది. గోడ మీద వేలాడే అరల ఆలోచన ఉన్నవాళ్లు ముందే ఒక రంధ్రం వేసి చూసుకోవాలి. మా అరల బరువంతా పీఠం మీదుగా నేలకే దిగుతుంది. ముందుకు తూలకుండా పట్టు ఒక్కటే కావాలి. ఆ పట్టును పైనున్న దూలం నుంచి తీసుకున్నాం. రెండు ఇనుప ఎల్ పట్టీలు దూలానికీ చట్రాల తలలకూ బిగించాక, నేను అడుగు అర పట్టుకుని గట్టిగా లాగి చూశాను. కదలలేదు. నిండా పుస్తకాలు పెడితే ఒక్కో చట్రం మీద నూట యాభై కిలోలు ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఈ పట్టు లేకుండా ఎవరూ ఆపవద్దు.

గోడ వెడల్పు కింద 110 అంగుళాలు, పైన 111న్నర. పక్కల మిగిలిన సందుకు బద్దలు కోయాలి. గోడ వంకర ఎలా ఉంటే బద్ద అలా ఉండాలి. బద్దను గోడకు ఆనించి, చిన్న చెక్కముక్కకు పెన్సిలు ఆనించి పై నుంచి కిందికి గోడ వెంట జరిపితే, గోడ వంకర అంతా బద్ద మీద గీతగా పడుతుంది. ఆ గీత దాకా చిత్రిక పట్టాను. సందు మూసుకున్నాక ఆ అరలు ఇంటితో పాటే పుట్టినట్టు ఉన్నాయి.

రంగు వేద్దామనుకున్న వారంలో మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది గానీ, ఆ వానలు మాకూ తప్పలేదు. కరెంటు పోయిన రాత్రి టార్చి పట్టుకుని గోడ అడుగున అరచేయి ఆనిస్తూ తిరిగాను. పొడిగానే ఉంది. వాన వెలిశాక మళ్లీ పాలిథీన్ అతికించి చూశాను. గోడ వైపు బొట్టు లేదు. ఆగస్టులో ఓర్చుకున్నదంతా ఆ ఉదయం తీరింది. గాలిలో తేమ ఉండగా రంగు ఆరదని నవంబరు రెండో వారం దాకా ఆగి, ప్రైమరు, రెండు పూతల రంగు వేశాను. బల్ల మీద మాత్రం మైకా. పుస్తకాలను వెంటనే పెట్టలేదు. రంగు పైకి ఆరినట్టు ఉన్నా, బరువు పడితే అట్టలు అంటుకుంటాయి. మూడు వారాలు ఖాళీ అరలను చూస్తూనే వసారాలో పని చేసుకున్నాను. డిసెంబరు 7న అమ్మ చేత మొదటి పుస్తకం పెట్టించాం.

ఖర్చు మొత్తం 53,636 రూపాయలు. అందులో తాపీ పని 7,500, చెద మందు 2,800, కరెంటు 9,400. ఈ 19,700 అరలు ఎవరు చేసినా పెట్టక తప్పనివే. అరలకూ బల్లకూ అయినది 33,936. పన్నుతో కలిపి ప్లైవుడ్ 18,276, టేకు బద్ద 1,760, డ్రిల్లు యంత్రం 3,400, రంగూ బ్రష్షులూ 3,900, మైకా 1,650, స్క్రూలు, జిగురు, ఎల్ పట్టీలు 1,900, మిగిలినవి పైన చెప్పిన కోత, ఆటో, రాయి. బాబాయ్ డబ్బు తీసుకోలేదు. వాళ్లమ్మాయికి ప్రసవం రోజుల్లో అమ్మ వండి పంపింది, ఆయన లెక్క అదీ.

చెద తినగా మిగిలిన వారపత్రికల్లో కథలున్న సంచికలు కొన్ని విడిగా పెట్టాను. శ్రీకాకుళంలో తెలుగు కథల కోసమే ఉన్న గ్రంథాలయం కథానిలయానికి చూపించి, వాళ్ల దగ్గర లేనివి ఉంటే ఇచ్చేస్తాను. జనవరిలో ప్రతి అరకూ ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి పట్టి చూశాను. బైండు పత్రికలున్న అడుగు అర ఒక్కటి మధ్యలో మిల్లీమీటరు దిగింది, మిగిలినవి దిగలేదు. దాని కింద పీఠం దాకా ఒక నిలువు ముక్క పెడితే సరిపోతుంది. ముక్క కోయించి ఉంచాను, ఈ ఆదివారం పుస్తకాలు దించి బిగించాలి.